రోజ్‌వుడ్ అంటే ఎర్రచందనం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పేపర్లలో, టీవీల్లో ఎర్రచందనాన్ని, రోజ్‌వుడ్‌ని ఒకటే అన్నట్టు చెప్పేస్తుంటే బాధేసి రాస్తున్నా. రెండూ చిక్కుడు కుటుంబానివే కానీ ఎర్రచందనం టెరోకార్పస్ జాతి, అంటే మన వేగి చెట్టుకి దగ్గర చుట్టం, రోజ్‌వుడ్ ఏమో డాల్బెర్జియా. మన అడవుల్లో పెరిగే ఇండియన్ రోజ్‌వుడ్డే జిట్రేగి, ఇరుగుడు అని కూడా అంటారు, దాని శాస్త్రీయ నామం డాల్బెర్జియా లాటిఫోలియా, పేరు పెట్టింది సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్.

శీశం కూడా దీని తోబుట్టువే, ఆకు చూస్తే తెలిసిపోతుంది, శీశం ఆకుకి కొస మొన తేలి ఉంటుంది, జిట్రేగి ఆకు గుండ్రంగా మొద్దుగా ఉంటుంది. తూర్పు కనుమలు, పడమటి కనుమలు, హిమాలయాల కింది అడవులు, అటు జావా దాకా ఉందీ చెట్టు.

మా ఇంట్లో పాత జిట్రేగి బల్ల రిపేరుకి ఇస్తే వడ్రంగి చిత్రిక పట్టగానే లోపల ఊదా గోధుమ రంగు మీద నల్లటి చారలు, గుప్పున తియ్యటి వాసన, ఇన్నేళ్ళయినా పోలేదు! ఫర్నిచర్, వెనీర్ (పైన అంటించే పలుచటి చెక్క పొర), గిటార్లు అన్నిటికీ ఇదే కావాలి, పెరగడం మాత్రం చాలా నిదానం. అందుకే 2017 జనవరి నుంచి, అప్పటికే మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప, డాల్బెర్జియా జాతి మొత్తాన్నీ సైటిస్ (అడవి మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో పెట్టారు, అంటే ఈ కలప దేశం దాటాలంటే పర్మిట్ ఉండాల్సిందే.

దయచేసి వార్త రాసేటప్పుడు ఏ చెట్టో పేరు సరిగ్గా రాయించండి, పక్కన ఆకు ఫొటో కూడా వేస్తే పిల్లలు గుర్తుపడతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు