పదిహేడడుగుల బండి, పదహారడుగుల పోర్టికో

గుంటూరు
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఫోన్ చేస్తే మధ్యలోనే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నా. చివరిదాకా చదివి అప్పుడు నవ్వు. ఇందులో నీకో పని కూడా ఉంది.

నేను బెంజి కారు కొందామనుకుంటున్నా. కొత్తది కాదులే, అంత కొవ్వెక్కలేదు. 2015 ఎస్ క్లాస్, ఎస్ 350 డీజిలు. 72 వేల కిలోమీటర్లు తిరిగిందని మీటరు చెబుతోంది. 24 లక్షలు అడుగుతున్నాడు, రెండు లక్షలు తగ్గుతాడని నా లెక్క. కొత్తగా ఉన్నప్పుడు షోరూమ్ ధరే కోటి దాటిన బండి అది. బండి మీ ఊళ్లోనే ఉంది, నీ ఇంటికి రెండు కిలోమీటర్లలో. మొన్న హైదరాబాద్ వచ్చి నీకు చెప్పకుండా వెళ్లింది దాన్ని చూడ్డానికే. తిట్టుకోకు.

హాస్టల్ రోజులు గుర్తున్నాయా? అరండల్‌పేటలో టీ కొట్టు ముందు మిర్చి వ్యాపారి ఒకాయన తెల్ల బెంజి ఆపాడు. పుణెలో ఆ బండ్లు తయారు కావడం మొదలై రెండేళ్లు కూడా అయ్యుండదు. మనిద్దరం అద్దానికి చేతులు ఆనించి లోపలికి తొంగి చూస్తుంటే డ్రైవరు అదిలించాడు. పెద్దాయన వచ్చి ఎక్కి తలుపేసుకున్నాడు. ఆ చప్పుడు! మా నాన్న ఇనప్పెట్టె మూసినట్టు ఉంది అన్నావు నువ్వు. అప్పట్నుంచీ నా చెవిలో అదే ఉంది రా. మొన్న వెళ్లి ముందు ఇంజను చూడలేదు, తలుపు వేసి చూశాను. ఏమైందో తెలుసా? దగ్గరికి తోస్తే చాలు, మిగతాది అదే మెల్లగా లోపలికి లాక్కుంది. చప్పుడే లేదు! పాతికేళ్లకు పైగా ఆగి వెళ్తే తలుపుకి మోటారు పెట్టేశారు.

అయినా వెనక సీట్లో కూర్చున్నాక అన్నీ మర్చిపోయాను. కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. నడుం నొక్కుతుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద డీలరు దగ్గర కుర్రాడు 100లో పోతుంటే నేను ఫోన్‌లో మన కోల్డ్ స్టోరేజీ ప్లాంటు ఆపరేటరుతో గుసగుసగా మాట్లాడా, అవతలివాడికి ఇంట్లో ఉన్నాననే అనిపించిందట. తిరిగొచ్చేటప్పుడు నేను నడిపాను. బాగుంది, చాలా బాగుంది. కానీ నిజం చెప్పాలంటే ఆ బండి ముందు సీటు కోసం కట్టింది కాదు. డ్రైవరు స్థానంలో ఉంటే, వెనక ఎవరో పెద్దమనిషి కూర్చున్నట్టు, కుదుపు రాకుండా పోనివ్వాలన్నట్టు ఉంటుంది. నేను డ్రైవర్ని పెట్టుకోను. మీ చెల్లెలు ముందు సీట్లోనే కూర్చుంటుంది, వెనక కూర్చుంటే వాంతొస్తుందంటుంది. పిల్ల బెంగళూరులో ఉంది. మరి ఆ పడక సీటు ఎవరికి? దారి పొడుగునా ఇదే ఆలోచన. మిర్యాలగూడలో టిఫిన్‌కి ఆగినా వదల్లేదు.

మీ చెల్లెలి ఓటు కొత్త ఇన్నోవా హైక్రాస్‌కి. 30 లక్షల దగ్గర పడుతుంది, అయిదేళ్లు తల నొప్పి ఉండదు, పెళ్లిళ్లకు ఏడుగురం పోవచ్చు. ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. అందుకే ఆవిడతో వాదించడం మానేసి టేపు పట్టుకుని పోర్టికోలోకి వెళ్లాను. ఎస్ క్లాస్ పొడవు 5,246 మిల్లీమీటర్లు, అంటే పదిహేడడుగుల పైమాటే. మన పోర్టికో గోడ నుంచి గేటు దాకా పదహారడుగులు. తులసికోట జరిపినా సరిపోదు, గేటు బయటికి జరపాలి. గేటు జరిపితే డ్రెయినేజీ మీదికొస్తుంది, మున్సిపాలిటీ వాళ్లొస్తారు. నేను టేపు చుట్టి లోపలికొచ్చేసరికి ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

సరే, అసలు సంగతికొస్తా. మనకి డబ్బు లెక్క కంటే ముందు భయం లెక్క తెలియాలి.

ఈ బండికి స్ప్రింగులుండవు, గాలి బుడగల మీద నిలబడుతుంది. నాలుగు మూలలా రబ్బరు సంచులు, వాటికి గాలి కొట్టడానికి ఒక కంప్రెసరు. ఇది వినగానే నాకు మన కోల్డ్ స్టోరేజీ గుర్తొచ్చింది. అమోనియా లైనులో ఎక్కడో చిన్న లీకుంటే మొదటి రోజు ఎవరికీ తెలీదు. చాంబరు చల్లగానే ఉంటుంది. కంప్రెసరు మాత్రం ఆగాల్సిన చోట ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. నెలయ్యాక అది కాలిపోతుంది, అప్పుడు అందరూ కంప్రెసర్ని తిడతారు. ఇక్కడా అంతే. పదేళ్లకు రబ్బరు పగుళ్లిస్తుంది, గాలి సన్నగా పోతుంది, కంప్రెసరు నింపుతూ నింపుతూ చచ్చిపోతుంది. జనం కంప్రెసరు మార్చి సంచి వదిలేస్తారు, ఆర్నెల్లకు మళ్లీ అదే. ఒక్కో మూలకి కంపెనీ సామాను లక్ష దాటుతుందన్నాడు మా మెకానిక్కు. నాలుగు మూలలు రా బావా!

ఈ మెకానిక్కు గురించి చెప్పాలి. పుణెలో జర్మన్ బండ్ల మీద పదేళ్లు చేసి వచ్చి ఇక్కడ సొంత షెడ్డు పెట్టుకున్నాడు. మాటలు తక్కువ. హైదరాబాద్ తీసుకెళ్తే బండి చుట్టూ తిరిగి ముందు టైర్లు చదివాడు. చదివాడనే అనాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. రెండిటి మీద 2319, అంటే 2019లో ఇరవై మూడో వారం. మిగతా రెండూ వేరే కంపెనీవి. ‘కోటి రూపాయల బండికి రెండు రకాల టైర్లేసినోడు ఆయిలు టైముకి మార్చి ఉంటాడా సార్?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాలుగూ మార్చాలంటే లక్షకు అటూ ఇటూ.

తర్వాత జాకీ ఎక్కించి ఇంజను కింద చూశాడు. ఈ వీ6 డీజిలుకి పాతకాలం నుంచీ ఒక జబ్బుందట. రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలాంటి చోట ఆయిల్ కూలరు కూర్చుంటుంది, దాని కింద రబ్బరు సీళ్లు గట్టిపడితే ఆయిలు కారుతుంది. సీళ్ల ఖరీదు పెద్ద లెక్కలోది కాదు. వాటి దాకా చెయ్యి పోవాలంటే మాత్రం టర్బోతో సహా పైనున్నదంతా విప్పాలి. తర్వాత కంపెనీ వాళ్లే సీళ్ల రబ్బరు మార్చి బాగు చేశారంటారు. మన బండికి అక్కడ పొడిగానే ఉంది. గేర్‌బాక్స్ ఆయిలు ఎప్పుడు మార్చారంటే డీలరు ‘దానికి అక్కర్లేదు సార్, లైఫ్ లాంగ్’ అన్నాడు. ఎవరి లైఫో చెప్పలేదు.

బండి నంబరు ఏపీదే. అది నాకు లాభం. పై రాష్ట్రం బండైతే అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఇచ్చే కాగితం, ఎన్ఓసీ, తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి, పైగా నేను కొన్న ధర మీద కాదు, అప్పటి ఇన్‌వాయిసు ధర మీద. వయసును బట్టి శాతం తగ్గిస్తారు కానీ కోటి మీద ఎంత తగ్గించినా కోటి కోటే. ఢిల్లీ బండ్లు చవగ్గా దొరుకుతున్నాయని మన వాళ్లు ఎగబడేది ఇది తెలియకే. పదేళ్లు దాటిన డీజిలు బండి అక్కడ తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రైబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. 2025 జులైలో బంకుల్లో అలాంటి బండ్లకు డీజిలు పొయ్యొద్దన్నారు, రెండు మూడు రోజులకే వెనక్కి తగ్గారు. ఈ గోలలో భయపడి అమ్ముకున్నవాళ్లు అమ్ముకున్నారు. నాకూ 17 లక్షలకు ఒకటి చూపించారు. ట్యాక్సు, ఎన్ఓసీ తిరుగుడు కలిపి చూస్తే చవక ఎక్కడికి పోయిందో కనబడలేదు.

ఏపీ నంబరుతో వచ్చిన చిక్కు వేరే. మొదటి ఓనరుది విజయవాడ. బెంజి సర్కిల్ దగ్గర ఇల్లట, బెంజి కొనకపోతే తప్పన్నట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఎంత పని చేసిందో నీకు చెప్పక్కర్లేదు. నీళ్లు ముంచింది ఎక్కువగా సింగ్‌నగర్ వైపే, బెంజి సర్కిల్ మునగలేదు. కానీ ఆ రోజు బండి ఎక్కడుంది? డ్రైవరు ఇంటి దగ్గర పెట్టాడా, షెడ్డులో ఉందా? అందుకని మా వాడు నాలుగు సీటుబెల్టులూ మొదలంటా బయటికి లాగి చూశాడు. ఎంత కడిగినా బెల్టు మొదట్లో బురద గీత మిగులుతుందట. సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ కింద స్పాంజి వాసన, డిక్కీ అడుగు అన్నీ చూశాడు. నేను కూడా మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాను, డీలరు ఏమనుకున్నాడో ఏమో. పొడిగానే ఉంది. ఇలాంటి బండిలో కంట్రోలు బాక్సులు కార్పెట్ల కింద, డిక్కీలో దాచి ఉంటాయి, నీళ్లు తగిలితే ఒక్కోటి ఒక్కో నెలలో పోతుంది.

కిలోమీటర్ల సంగతికి స్కానరు పెట్టించాను. మీటరు వెనక్కి తిప్పేవాడు డాష్‌బోర్డులో తిప్పుతాడు, మిగతా బాక్సుల్లో పాత అంకె మర్చిపోతాడు. అన్నీ కలిశాయి. అది నా గుండెకు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఇన్సూరెన్సు దగ్గర మాత్రం నేను కంగు తిన్నాను. ప్రీమియం తక్కువే, బండి విలువ పడిపోయింది కాబట్టి. కానీ రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే బండిని మొత్తం పోయినట్టే లెక్క కడతారు. ఆలోచించు. బండి విలువ పాతది, బానెట్, సస్పెన్షను, హెడ్‌లైట్ల ధర మాత్రం కొత్త బండిదే. బల్బన్నదే లేకుండా మొత్తం ఎల్ఈడీలతో వచ్చిన మొదటి కారు ఈ తరం ఎస్ క్లాసేనట. గొప్పే. అంటే బల్బు మార్చే ప్రసక్తి లేదు, లైటు మొత్తం మార్చాలి. పేరేచర్ల దగ్గర ఒక గేదె గట్టిగా తగిలితే, బండి తిరుగుతూనే ఉన్నా కాగితం మీద చచ్చిపోతుంది. ఏనుగు బతికినా వెయ్యి చచ్చినా వెయ్యి అంటారు కదా, ఈ ఏనుగుకి ఆ రెండో వెయ్యి లేదు. సామాన్లకి తరుగు కొయ్యకుండా ఇచ్చే జీరో డిప్ పాలసీ పదేళ్ల బండికి ఎవరూ ఇవ్వనంటున్నారు, రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకి సగం నేనే పెట్టుకోవాలి.

ఇప్పుడు నా లెక్క విను. 24 లక్షలున్నాయి కదా అని 24 లక్షల బండి కొంటే మునిగిపోతాను. 22కి బేరం చేసి, ఇంకో 7 లక్షలు ఎఫ్‌డీ వేసి దాన్ని బండి పేరు మీదే అనుకోవాలి. ఆ 7 తాకకుండా ఉంటే పండగ, తాకితే ఏడవకూడదు. ఆ 7 వేరే పెట్టలేనివాడు ఈ బండి జోలికి పోకూడదు. నేను పెట్టగలను, ఈ ఏడాది మిర్చి నిల్వలు నిండుగా ఉన్నాయి. మీ చెల్లెలు ఇది విని, ‘అంటే మొత్తం 29. హైక్రాస్ కూడా అంతే కదండీ’ అంది. లెక్కలో ఆవిడ తప్పడం నేనెప్పుడూ చూళ్లేదు.

అయినా వద్దనుకోలేకపోతున్నాను. నాకది ఎక్కడికో పోవడానికి అక్కర్లేదు, మిర్చి యార్డుకి స్కూటర్ మీదే పోతాను. పొద్దున్నే లేచి టీ గ్లాసు పట్టుకుని అది పోర్టికోలో ఉండటం చూడాలి, సగం గేటు బయటికి ఉన్నా సరే. ఈ మాట మీ చెల్లెలికి చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

ఇంకొక్కటే తేలాలి. మేం వెళ్లినప్పుడు బండి అప్పటికే స్టార్టు చేసి ఉంది, నాలుగు మూలలూ నిక్కి నిలబడ్డాయి. కంప్రెసరు నింపాక ఏ బండైనా అలాగే నిలబడుతుంది. రాత్రంతా ఊరికే పెడితే తెలుస్తుంది దాని సంగతి. అందుకని బుధవారం రాత్రి చదునైన చోట పెట్టి తాళం వెయ్యమని డీలరుకి చెప్పాను, 25 వేలు టోకెను కూడా ఇచ్చాను.

నీ పని ఇది. గురువారం పొద్దున ఆరింటికల్లా అక్కడుండు. వాచ్‌మన్‌కి చెప్పి ఉంచాను, వదిన పేరు చెప్పి రావడానికి వీల్లేదనకు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే నీకంటే ముందే ఎవడో స్టార్టు చేశాడన్నమాట, వెనక్కొచ్చెయ్. చల్లగా ఉంటే ఒక్కో చక్రం దగ్గర కూర్చుని టైరుకీ పైన రేకుకీ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూడు. ముందు రెండూ ఒకేలా ఉండాలి, వెనక రెండూ ఒకేలా ఉండాలి. లోపల కూర్చోకు, తలుపు తియ్యకు, సీటు బాగుందని నాకు చెప్పకు. వేళ్ల లెక్క ఒక్కటే మెసేజ్ పెట్టు, ఎడమ, కుడి అని విడివిడిగా.

నీ వేళ్లు నావాటికంటే లావని గుర్తుంది, దానికి నేను సర్దుకుంటాను.

నీ
బావ