చియాపాస్ కాఫీ సంఘాలు: చిక్కంతా కోతకాలపు రొక్కంతోనే

సంపాదకులకు,

మెక్సికోలోని చియాపాస్ కొండల్లో కాఫీ పండించే మాయా రైతుల గురించి తెలుగులో ఏ వ్యాసం వచ్చినా ఒకటే మాట: ఫెయిర్ ట్రేడ్ (రైతు సంఘాలకు కనీస ధర హామీ ఇచ్చే సర్టిఫికెట్ వ్యాపారం) వచ్చింది, దళారి పోయాడు. దళారి ఎక్కడికీ పోలేదు. అక్కడ అతణ్ని ‘కొయోతె’ అంటారు. కోతలు మొదలైతే చాలు, కాటా, రొక్కం పట్టుకుని ఊళ్లోకే వస్తాడు.

ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో తేల్చే అంతర్జాతీయ కాఫీ కోటాలు 1989లో కుప్పకూలాయి. అప్పటిదాకా కొనుగోళ్లు చూసుకున్న ప్రభుత్వ సంస్థ ఇన్మెకాఫే కూడా ఆ ఏటి నుంచే తప్పుకుంటూ వచ్చింది. ఆ ఖాళీని పూడ్చినవే అంతకుముందే ఉన్న చెనల్హో ప్రాంతపు మహోముట్, 1997లో ఆక్తేయాల్ ఊళ్లో జరిగిన మారణకాండ తర్వాత పుట్టిన మాయా వినిక్ లాంటి మాయా రైతు సంఘాలు.

ఇక లెక్క. 2023 ఆగస్టు నుంచి గుజ్జు తీసి కడిగి ఆరబెట్టిన అరబికా రకం కాఫీకి ఫెయిర్ ట్రేడ్ కనీస ధర పౌనుకు (సుమారు 454 గ్రాములు) 1.80 డాలర్లు, సేంద్రియమైతే ఇంకో 40 సెంట్లు. ఇది రేవుకు చేరిన క్లీన్ కాఫీకి, అంటే పొట్టు తీసిన గింజకు, సంఘానికి దక్కే ధర. రైతు అమ్మేదేమో పార్చ్‌మెంటు, అంటే పొట్టు తీయని ఎండు గింజ. దాని బరువులో అయిదో వంతు పొట్టుకే పోతుంది. అంటే సేంద్రియం కాని పార్చ్‌మెంటు కిలోకి 3.17 డాలర్లు. మిల్లు, లారీ, సర్టిఫికెట్, ఎగుమతి కాగితాల ఖర్చులన్నీ అందులోంచే తీయాలి. పౌనుకు 20 సెంట్ల ప్రీమియం వేరే ఉంది గానీ, అది ఉమ్మడి నిధి. ఎలా ఖర్చుపెట్టాలో సర్వసభ్య సమావేశం తేలుస్తుంది.

మార్కెట్ పడిపోతే కనీస ధర ఆదుకుంటుంది. సంఘాలు చితికేది ధర పెరిగిన ఏడాదే. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అరబికా పౌను 4 డాలర్లు దాటింది. మార్కెట్ ధర ఎక్కువుంటే అదే చెల్లించాలన్న నిబంధన ఉంది, నిజమే. కానీ నెలల ముందే రేటు ఖాయం చేసుకున్న సంఘం ఆ పాత రేటుకే సరుకివ్వాలి. కూలీలకు వారం వారం డబ్బు కట్టాల్సిన సభ్యుడు అక్కడికక్కడే పెరిగిన రేటు రొక్కంగా ఇచ్చే కొయోతెకు అమ్మేస్తే తప్పుపట్టలేం. అలా నలుగురు అమ్మితే 60 కిలోల బస్తాలు 320 పట్టే కంటెయినర్ నిండదు, ఒప్పందం తప్పుతుంది. సంఘం అడిగితే కొనేవాళ్ల నుంచి ఒప్పందం విలువలో 60 శాతం దాకా అడ్వాన్సు ఇప్పించే ఏర్పాటుంది. ఆ డబ్బు పండు ఎర్రబడేలోపు చేతికొస్తేనే పనికొస్తుంది.

నాణ్యత దగ్గరా ఇదే తంటా. వంద కిలోల పండుకు పార్చ్‌మెంటు సుమారు 20 కిలోలే. పండు కోసిన రోజే పల్పర్ (గుజ్జు తీసే మర) తిప్పాలి. కొండ చలికి గింజకంటిన జిగురు తొట్టిలో పులిసి విడవడానికి 24 నుంచి 36 గంటలు పడుతుంది. చేత్తో రుద్దితే గరగరలాడాలి. నిన్నటి గింజలున్న తొట్టిలో ఇవాళ్టివి పోస్తే పాతవి కుళ్లు వాసన కొడతాయి, కప్పులో ఆ విడత సరుకు మొత్తం రుచి దెబ్బతింటుంది. ఆరబెట్టాక తేమ 11, 12 శాతానికి దిగకపోతే గోదాములో బూజు పడుతుంది. అందుకే సంఘం తేమ మీటరు పెట్టి చూసి తడి సరుకు తిప్పి పంపుతుంది. కొయోతె అదే తడి సరుకు తక్కువ రేటు కట్టి తీసేసుకుంటాడు. దూరం నుంచి మోసుకొచ్చిన బస్తా వెనక్కి మోయడం ఎవరికిష్టం?

మన పాడేరు ఏజెన్సీ సంఘాలకూ తగిలే సంగతి ఒకటుంది. యూరప్ కొత్త సేంద్రియ నిబంధనల ప్రకారం ఒక రైతు బృందంలో 2000 మందికి మించి ఉండకూడదు. పెద్ద సంఘాలు ముక్కలు కావాలి. ఒక్కో ముక్కకూ సొంత రిజిస్ట్రేషన్, సొంత అంతర్గత తనిఖీ, విడి సర్టిఫికెట్ తప్పవు. ఆ ఖర్చూ పార్చ్‌మెంటు ధరలోంచే పోతుంది.

ఇట్లు,
పాఠకులు, పాడేరు