పాత అమెరికన్ బండ్ల అభిమానుల సంఘం: ఈ ఏటి కార్యదర్శి నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు చేసిన తీర్మానం ప్రకారం అమెరికాలో డెట్రాయిట్ పరిసరాల్లో ఉన్న మన తెలుగువారి సంఘం ఈ ఏడాది ట్రక్కుల మీద దృష్టి పెట్టింది. ఏ ప్రదర్శనకు వెళ్లినా మెరుగు పెట్టిన మస్టాంగ్, బెల్ ఎయిర్ కార్లు బారులు తీరి కనిపిస్తాయి. పాలు మోసిన బండి, ధాన్యం మోసిన బండి, యుద్ధానికి వెళ్లివచ్చిన బండి మాత్రం అరుదు. కార్లను జనం తుడిచి దాచుకున్నారు. ట్రక్కులను అరిగిపోయేదాకా వాడి తుక్కుకు అమ్మేశారు. అందుకే వాటి చరిత్రలో పెద్ద భాగం మనుషుల జ్ఞాపకాల్లోనే మిగిలింది. ఆ జ్ఞాపకాలను అడిగి రాబట్టడం, రికార్డు చేయడం, ఆధారాలతో సరిచూడడం ఈ ఏడాది మనం చేసిన అసలు పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సమావేశాలు

నెలవారీ సమావేశాల్లో అన్నిటికన్నా ఎక్కువమంది వచ్చింది డివ్‌కో పాలబండి గురించి మాట్లాడుకున్న సాయంత్రానికి. డెట్రాయిట్‌లో 1926లో మొదలైన ఈ కంపెనీ ఇంటింటికీ సరుకు చేర్చే బండ్లనే నమ్ముకుని 1986 దాకా నిలబడింది. ముక్కు పొట్టిగా ఉండే దాని మోడల్ యూ, 1930ల చివర్లో వచ్చినప్పటి రూపంతోనే దాదాపు చివరిదాకా నడిచింది. డ్రైవరు కూర్చోనవసరం లేకుండా నిలబడే నడపవచ్చు. అడుగుకో ఇంటి ముందు దిగి ఎక్కేవాడికి అది ఎంత పెద్ద సదుపాయమో, ఒకప్పుడు పాలు పోసిన మన అతిథి చెబుతుంటేనే మాకు అర్థమైంది. అంతకుముందు పాలబండి లాగిన గుర్రాలకు దారి కంఠతా వచ్చేది. మనిషి సీసాలు పెట్టి వచ్చేలోపు గుర్రం తనంతట తానే పక్కింటి ముందుకు వెళ్లి నిలబడేది. అలాంటి గుర్రాన్ని మాన్పించాలంటే మోటారు బండికి వేగం ఒక్కటే చాలదు. ఇంత చిన్న అవసరం గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిన ఇంజనీర్లంటే నాకు ఎంతో గౌరవం.

రెండో ప్రపంచ యుద్ధపు ట్రక్కుల మీద వరుసగా కొన్ని సమావేశాలు జరిగాయి. మనకు దగ్గర్లోనే ఉన్న పాంటియాక్‌లోనూ ఇతర చోట్లా తయారైన జీఎంసీ రెండున్నర టన్నుల ట్రక్కులు, అన్ని రకాలూ కలిపితే, 5 లక్షలు దాటాయి. 1944 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఫ్రాన్స్‌లో ముందుకు సాగిపోతున్న సేనలకు పెట్రోలు, మందుగుండు అందించిన రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అనే లారీల రవాణా నడిచింది ప్రధానంగా వీటితోనే. ఆ డ్రైవర్లలో సుమారు ముప్పావు వంతు నల్లజాతి సైనికులు. స్టూడ్‌బేకర్ కంపెనీ ఇండియానాలోని సౌత్ బెండ్‌లో దాదాపు 2 లక్షల మిలిటరీ ట్రక్కులు చేస్తే, వాటిలో అధికభాగం సోవియట్ యూనియన్‌కు వెళ్లాయి. ఇదంతా పుస్తకాల్లో దొరికేదే. దొరకనిది మన సభ్యుల నుంచి వచ్చింది. అస్సాంలోని లెడో నుంచి చైనా వైపు అమెరికన్లు వేసిన రోడ్డు మీద తిరిగిన ట్రక్కుల్లాంటివి యుద్ధం ముగిశాక మిగులు సామాను కింద అమ్ముడుపోయాయి. తమ ఊళ్లో మొదటి లారీ అలా ‘మిలిటరీ డిస్పోజల్’లో కొన్నదేనని, దానికి చెక్క బాడీ కట్టించి ధాన్యం తోలారని ఇద్దరు ముగ్గురు సభ్యులు వేర్వేరుగా చెప్పారు. ఊళ్లు వేరు, కుటుంబాలు వేరు, కథ మాత్రం ఒకటే. అదే యుద్ధకాలంలో పెట్రోలు కరువై బస్సుల వెనుక బొగ్గు పొయ్యి బిగించి, ఆ గ్యాసుతో నడిపిన రోజులను కూడా పెద్దలు తలచుకున్నారు. బండి బయలుదేరే ముందు క్లీనరు చెమటలు కక్కుతూ చేత్తో ఫ్యాను తిప్పి బొగ్గు రాజేసేవాడట.

జ్ఞాపకం, ఆధారం

ఒక సభ్యుడు తన తండ్రి నడిపిన లారీ ఫొటో తెచ్చారు. బోనెట్ మీద ‘ఫార్గో’ అని స్పష్టంగా ఉంది. ఇంట్లో అందరూ దాన్ని డాడ్జ్ లారీ అనే చెప్పుకునేవారట. ఎవరి మాట నిజమని కాసేపు గట్టి చర్చే జరిగింది. రెండూ నిజమే. ఫార్గో పేరు 1928 నుంచి క్రైస్లర్ కంపెనీదే. ఆ కంపెనీ ఒకే ట్రక్కును ఒక డీలరు దగ్గర డాడ్జ్ అని, మరో డీలరు దగ్గర ఫార్గో అని, ఇంకోచోట డిసోటో అని పేరుపలక మార్చి అమ్మింది. అమెరికాలో ఫార్గో పేరు త్వరగానే కనుమరుగైనా కెనడాలోనూ విదేశాల్లోనూ చాలాకాలం బతికింది. వాల్‌చంద్ హీరాచంద్ నెలకొల్పిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, క్రైస్లర్‌తో ఒప్పందం చేసుకుని బొంబాయి కుర్లాలో 1947 నుంచి ఈ బండ్లను బిగించింది. విడిభాగాలు స్వదేశంలోనే తయారు చేయాలన్న ప్రభుత్వ విధానంతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ 1950ల నడుమ తమ భారతీయ కర్మాగారాలను మూసుకుని వెళ్లిపోయాయి కానీ ప్రీమియర్ నిలిచింది. అందుకే తెలుగు నేల మీద డాడ్జ్, ఫార్గో పేర్లు తర్వాత కూడా అంతకాలం వినిపించాయి. ఆ సభ్యుడు ఫోన్లో ఊళ్లోని అన్నగారికి ఈ సంగతి చెబితే, ఆయన ఇంట్లో వెతికించి పాత రసీదుల కట్ట ఒకటి పంపారు. వాటి స్కానింగ్ పూర్తయింది.

మరో ఉదాహరణ మిషిగన్ పొలాల నుంచి. మన సమావేశాలకు తరచుగా వచ్చే ఒక రైతు కుటుంబం తమ పెద్దాయన షెవర్లే పికప్‌ను 1948లో కొన్నాడని చెబుతూ వచ్చింది. ఫొటో చూస్తే ముందు అద్దం రెండు ముక్కలుగా ఉంది, కాబట్టి 1954కు ముందుదే. తలుపు ముందు మూలన తెరుచుకునే త్రికోణపు చిన్న అద్దం ఉంది. అది 1951లోగానీ రాలేదు. తలుపు పిడి మాత్రం తిప్పి తెరిచే రకం. 1952 నుంచి బొత్తాం నొక్కి తెరిచే పిడి వచ్చింది. అంటే ఆ బండి 1951దే కావాలి. కుటుంబం మొదట నొచ్చుకుంది. తర్వాత వాళ్లే ఇంకో ఫొటో వెతికి తెచ్చారు. అందులో వేరే పికప్ ఉంది, దాని తలుపులో ఆ చిన్న అద్దం లేదు. పెద్దాయన కొన్నవి రెండు బండ్లు; మనవల జ్ఞాపకంలో అవి ఒకటైపోయాయి. జ్ఞాపకం తప్పు అని కొట్టిపారేసి ఉంటే రెండో బండి మనకు ఎప్పటికీ దొరికేది కాదు.

1965 వలస చట్టం తర్వాత ఇక్కడికి వచ్చిన మన తొలితరం ఇంజనీర్ల మొదటి కార్ల గురించి కూడా రికార్డింగులు సాగాయి. చేతిలో డబ్బు తక్కువ కాబట్టి ఎక్కువమంది కొన్నది సెకండ్‌హ్యాండ్ ప్లిమత్ వాలియంట్, డాడ్జ్ డార్ట్. వాటిలోని ఆరు సిలిండర్ల ఇంజన్‌ను 30 డిగ్రీలు పక్కకు వాల్చి బిగించారు. బోనెట్ ఎత్తు తగ్గించడానికి, గాలి గొట్టాలకు చోటివ్వడానికి చేసిన పని అది. ఆ ఇంజన్ చెడిపోవడం ఎవరూ ఎరగరు, చుట్టూ ఉన్న రేకు మాత్రం తుప్పు పట్టి ఊడిపడేది. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పుగని ఉంది. ప్రపంచానికి కార్లు ఇచ్చిన ఊరు తన కాళ్ల కింద ఉన్నదానితోనే వాటిని తినేసిందని ఒక అక్కయ్య రికార్డింగులో చెప్పిన మాట నాకు మరపురాదు.

ఈ ఏడాది ఇద్దరు పెద్దలను కోల్పోయాం. ఒకరి గొంతు మన దగ్గర భద్రంగా ఉంది. రెండోవారు ఆసుపత్రిలో చేరేముందు తన ఫ్యాక్టరీ రోజుల నోటు పుస్తకాన్ని మనకు ఇమ్మని పిల్లలకు చెప్పి వెళ్లారు. వారి కుటుంబాలకు సంఘం తరఫున ప్రగాఢ సానుభూతి.

యాత్రలు, లెక్కలు

డెట్రాయిట్‌లోని పికెట్ అవెన్యూ కర్మాగారాన్ని పిల్లలతో కలిసి చూశాం. 1908లో ఫోర్డ్ మోడల్ టీ కారు పుట్టింది ఆ ఇటుక భవనంలోనే. తొలి 12,000 బండ్లు అక్కడే తయారయ్యాక 1910లో ఫోర్డ్ హైలాండ్ పార్క్‌కు మారింది. కదిలే అసెంబ్లీ లైను 1913లో అక్కడ వచ్చింది. మోడల్ టీకి పెట్రోలు పంపు లేదని, సీటు కిందున్న ట్యాంకు నుంచి ఇంధనం కిందికి జారి ఇంజన్‌కు చేరాలని, అందువల్ల ట్యాంకులో పెట్రోలు తక్కువైతే నిటారు ఎత్తును వెనక్కి నడుపుతూ ఎక్కేవారని వింటే పిల్లల కళ్లు పెద్దవయ్యాయి. ఇప్సిలాంటీలో ఒకప్పటి హడ్సన్ డీలరు దుకాణమే ఇప్పుడు మ్యూజియం. 1950ల మొదట్లో హడ్సన్ హార్నెట్ ఆరు సిలిండర్లతోనే ఎనిమిది సిలిండర్ల కార్లను పందేల్లో ఓడించింది. సౌత్ బెండ్ యాత్ర మంచు తుఫాను వల్ల వాయిదా పడింది. ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద జరిగే డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపుకు ఎప్పటిలాగే వెళ్లాం. ఈసారి కార్ల కన్నా వాటి యజమానుల పక్కనే ఎక్కువసేపు కూర్చున్నాం.

చందాలు ఖర్చులకు సరిపోయాయి. మైకులు, హార్డ్ డిస్కులు, స్కానరు కొన్నాం. కోశాధికారి లెక్కలు జతచేశారు.

ఇక ఒక విషయం మీ ముందు పెట్టాలి. సంఘానికి సొంతంగా ఒక పాత ట్రక్కు కొందామని కొందరు సభ్యులు కోరుతున్నారు. వారి ఉత్సాహం నాకు అర్థమవుతుంది. నడిచే బండి ఒకటి ఉంటే కొత్తవారు వస్తారు. అయినా నేను ఒప్పుకోలేకపోతున్నాను. షెడ్డు, బీమా, విడిభాగాలు కలిపితే మన నిధి అంతా దానికే పోతుంది. మంచి ట్రక్కులను మ్యూజియంలు కాపాడుతున్నాయి, వచ్చే ఏడు కొన్నా దొరుకుతాయి. ఎనభై దాటిన మన పెద్దల మాటలను వచ్చే ఏడు రికార్డు చేసుకోవచ్చని ఎవరూ హామీ ఇవ్వలేరు. కార్యవర్గంలో దీనిపై ఏకాభిప్రాయం కుదరలేదు. కాబట్టి సర్వసభ్య సమావేశంలో ఓటింగు జరుగుతుంది, మీ నిర్ణయమే అమలవుతుంది.

సమావేశానికి వచ్చేటప్పుడు ఇంట్లోని పాత బండ్ల ఫొటోలు, రిజిస్ట్రేషన్ కాగితాలు, రిపేరు బిల్లులు తీసుకురండి. స్కానరు బల్ల మీదే ఉంటుంది, అసలు కాపీలు అప్పటికప్పుడే మీకు తిరిగి ఇచ్చేస్తాం. ఫొటో వెనుక ఏదైనా రాసి ఉంటే చెరపకండి, ఆ వైపు కూడా స్కాన్ చేయాలి.

ఇట్లు,
కార్యదర్శి