ముందు సాకెట్ సంగతి చూడరా

కూకట్‌పల్లి,
ఆదివారం పొద్దున్న

ఒరే సత్తీ,

కరెంటు కారు కొననా, పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ కొననా అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. ఏడాదిన్నరగా కరెంటు కారుతో కాపురం చేస్తున్నవాణ్ణి, ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాదు. కాఫీ పక్కన పెట్టుకుని చదువు.

ముందు మంచి మాటలు చెప్పేస్తాను, లేకపోతే ఏడుపుగొట్టు వెధవ అంటావు. ఇంట్లో చార్జింగ్ పెడితే మాకు యూనిట్ తొమ్మిదిన్నర రూపాయల శ్లాబులో పడుతోంది. యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు వస్తుంది కాబట్టి కిలోమీటరుకి రూపాయిన్నర అనుకో. పాత పెట్రోలు కారుకి ఏడున్నర అయ్యేది. ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ గొడవ లేదు. పైగా తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఈ బళ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేశారు. నేను ఆ గాలానికే చిక్కాను. మీ ఆంధ్రాలో ఎలా ఉందో షోరూమ్ కుర్రాణ్ణి కాదు, ఆర్టీఓ ఆఫీసులో అడుగు.

ఇప్పుడు లెక్క. ట్యాక్స్ మాఫీ పోను కూడా పెట్రోలు బండి కన్నా నాకు మూడు లక్షలు ఎక్కువ పడింది. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను, ఆరు వేలు మిగులుతుంది. అంటే ఆ మూడు లక్షలు తిరిగి రావడానికే నాలుగేళ్లు దాటాలి, లోన్ వడ్డీ కలపకుండా. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో 15 శాతం తగ్గింపు ఉందని మురిసిపోయాను గానీ, కారు ఖరీదు ఎక్కువ కాబట్టి మన బండి నష్టానికి కట్టే మిగతా భాగంలో అంతకు రెండింతలు లాగేశారు. బండి బరువు, తొక్కగానే ఎగిరే పికప్, రెండూ కలిసి ఈ ఏడాదిన్నరలోనే టైర్లు నున్నగా చేసేశాయి.

అసలు కథ మా సెల్లార్‌లో జరిగింది. మీటర్ బోర్డు గేటు దగ్గర, నా పార్కింగ్ ఆ చివర జనరేటర్ పక్కన. మధ్యలో నలభై మీటర్ల కేబుల్. దానికి అసోసియేషన్ ఒప్పుకోవాలి. రెండో అంతస్తు పెద్దాయన ఎక్కడెక్కడి కార్లు తగలబడిన వీడియోలు గ్రూపులో పెడుతూ కూర్చున్నాడు. మూడు మీటింగులయ్యాయి. చివరికి నా ఖర్చుతో మంటలార్పే సిలిండర్ గోడకి తగిలిస్తానంటే దిగొచ్చారు. శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి ఒకేసారి వాడుకోనిచ్చే కరెంటు పరిమితి) పెంచడం, డిపాజిట్, కేబుల్, ఎలక్ట్రీషియన్ అన్నీ కలిపి 41 వేలు. ఇదంతా తేలడానికి పట్టిన మూడు నెలలూ బయట యూనిట్ 24 రూపాయలకి చార్జింగ్ పెట్టుకున్నాను. కిలోమీటరుకి మూడున్నర! అదీ రాత్రి పదింటికి లుంగీ మీద వెళ్లి, ముప్పావుగంట కార్లో కూర్చుని.

ఇక సంక్రాంతి. మా అత్తగారి ఊరు విజయవాడ, 275 కిలోమీటర్లు. కంపెనీ కాగితం మీద నా బండి 450 పోవాలి. ఆ అంకె తేల్చే పరీక్షలో బండి 90 స్పీడు దాటదురా, అది ఎవరూ చెప్పరు. ఏసీ వేసుకుని వందలో పోతే 260కే చేతులెత్తేస్తుంది. ఊరు కనిపిస్తుంది, ఇల్లు చేరం. సూర్యాపేట దగ్గర ఆగాను. యాప్‌లో రెండు చార్జింగ్ గన్నులు ఖాళీ అని చూపించింది. తీరా వెళ్తే ఒకదాని స్క్రీన్ నల్లగా ఉంది. "నెట్టు లేదు సార్, పొద్దుటి నుంచీ అంతే" అన్నాడు వాచ్‌మన్. రెండోదాని ముందు ఎవరో పెట్రోలు కారు పెట్టి టిఫిన్‌కి వెళ్లారు. వాళ్లు తిని, చేతులు కడుక్కుని, పాన్ కట్టించుకుని వచ్చేదాకా నిలబడ్డాను. తర్వాత గంటసేపు చార్జింగ్, అదీ 80 శాతం దాకానే. ఆ పైన నత్తనడక. పిల్లలు చెగోడీలు మొత్తం అక్కడే ఖాళీ చేశారు. నా ఫోన్లో ఇప్పుడు ఆరు చార్జింగ్ యాప్‌లున్నాయి, ఒక్కో వాలెట్లో మూడొందలో నాలుగొందలో ఇరుక్కుని ఉంది.

ఇంకో తమాషా. ఓ సోమవారం పొద్దున్న కారు తలుపే తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీలో 62 శాతం ఉంది. పోయింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ, మామూలు కార్లో ఉండేదే. అది మేలుకుని స్విచ్ వేస్తేనే పెద్దదాని కరెంటు బయటికొస్తుందట. చివరికి సందు చివర స్కూటర్ మెకానిక్ వచ్చి రెండు వైర్లు తగిలించి లేపాడు. "ఏనుగుని చీమ లేపినట్టుంది సార్" అని నవ్వాడు, రెండొందలు తీసుకుని.

మరి హైబ్రిడ్ అంటావా? మా మామగారిది అదే. ఎక్కడా ఆగక్కర్లేదు, ఆ సుఖం సుఖమే. కానీ లీటరుకి 28 అన్న బండి ఊళ్లో 23 ఇస్తోంది, హైవే మీద 19. అవును, తిరగేసి రాయలేదు. ట్రాఫిక్‌లో బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీలోకి కాస్త కరెంటు చేరుతుంది. హైవే మీద బ్రేకే వేయవు, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. డిక్కీలో సగం చోటు బ్యాటరీకి పోయింది, మూడు బియ్యం బస్తాలు పట్టలేదని అత్తగారి బాధ. వెనక సీటు కింద బ్యాటరీకి గాలి పోయే జాలీ ఉంది, దాని ముందు సంచులు పెట్టకూడదు, దుమ్ము దులుపుతూ ఉండాలి. ఇంజిన్ సర్వీసు ఎలాగూ తప్పదు. పన్ను సంగతి చూడు: కరెంటు కారుకి జీఎస్టీ 5 శాతం, నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కి 2025 సెప్టెంబరు 22 నుంచి 40.

నీ విషయానికొస్తే, నీది సొంతిల్లు. రోజూ రాజమండ్రి, కడియం, మండపేట తిరిగి రాత్రికి ఇల్లు చేరతావు. నీకు కరెంటు కారే నయం. కానీ నెలకి నాలుగుసార్లు వైజాగ్ పోయే పని పెట్టుకున్నానన్నావే, అది నిజమైతే ఆ పాత డీజిల్ బండి ఇంకో రెండేళ్లు అమ్మకు. నాకు తెలిసినంతలో హైబ్రిడ్ నీకు దండగ.

అన్నట్టు, దసరాకి మీ ఇంటికి వద్దామనుకుంటున్నాం, నలుగురం. మీ షెడ్లో 15 ఆంప్స్ సాకెట్ ఉందో లేదో, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించి నాకు రాయి. లేదంటే ఇప్పుడే గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు చేయించుకుంటాను.

నీ
రాంబాబు