ఆ క్రీడాకారిణుల వార్తలూ వేయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. శీతాకాల ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఇప్పటికీ చోటివ్వని ఆట ఒకటుంది. దాని పేరు నోర్డిక్ కంబైన్డ్. ముందు స్కీ జంప్, అంటే కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు వాలు మీంచి జారి గాల్లోకి దూకడం, ఆ తర్వాత మంచు మీద స్కీ పరుగు. 2026 మిలానో కోర్టినా క్రీడల్లోనూ అది పురుషులకే పరిమితమైంది. ఈ అన్యాయం గురించి మన పత్రికలూ రాయాలని నా విన్నపం.

ఇది కొత్త కథ కాదు. పురుషుల స్కీ జంప్ 1924లో షామొనీలో జరిగిన తొలి శీతాకాల ఒలింపిక్స్ నుంచే ఉంది. మహిళలకు ఆ అవకాశం 2014లో, సోచిలో దక్కింది. అంటే తొంభై ఏళ్లు! ఆడవాళ్లు ఆలస్యంగా నేర్చుకున్నారా అంటే, కాదు. నార్వేలో ఇంగ్రిడ్ వెస్ట్‌బీ 1862లోనే జనం ముందు దూకింది. అయినా 2005లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు జాన్ ఫ్రాంకో కాస్పర్, వైద్యపరంగా ఈ ఆట స్త్రీలకు తగినట్టు లేదని అన్నారు. వినడానికే బాధగా ఉంటుంది.

2010 వాంకూవర్ క్రీడల్లో చోటు కోసం క్రీడాకారిణులు కోర్టుకెక్కారు. ఇది వివక్షేనని వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర న్యాయమూర్తి 2009లో ఒప్పుకున్నారు. కానీ నిర్ణయం అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీది కాబట్టి కెనడా హక్కుల చట్టం దానికి వర్తించదన్నారు. అప్పటికి, ఆ క్రీడల కోసం విస్లర్‌లో కట్టిన రెండు స్కీ జంప్ వాలుల్లో చిన్నదాని మీద మగవాళ్లతో సహా అందరిలోకీ ఎక్కువ దూరం, 105.5 మీటర్లు, దూకిన రికార్డు అమెరికాకు చెందిన లిండ్సే వాన్‌ది. కేసు వేసినవారిలో ఆమె కూడా ఒకరు. రికార్డు ఆమెదే, పోటీలో మాత్రం ఆమెకు చోటు లేదు.

స్వీడన్‌కు చెందిన స్కీ జంప్ క్రీడాకారుడు యాన్ బోక్లోవ్ స్కీలను వి ఆకారంలో విప్పి దూకితే న్యాయనిర్ణేతలు మొదట్లో మార్కులు కోశారు. అయినా 1988-89 ప్రపంచ కప్ అతనే గెలిచాడు. కొన్నేళ్లకే అందరూ అదే పద్ధతి పట్టారు. కొత్త పద్ధతిని అంత త్వరగా ఒప్పుకున్న ఆట, స్త్రీలను ఒప్పుకోవడానికి ఎందుకంత జంకింది?

నోర్డిక్ కంబైన్డ్ మహిళలకు 2020 నుంచి ప్రపంచ కప్, 2021 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉన్నాయి. అయినా 2022లో కమిటీ వారిని కాదంది. గత మూడు ఒలింపిక్స్‌లో ఈ ఆటలోని 27 పతకాలూ నాలుగు దేశాలకే వెళ్లాయని, చూసేవారు తక్కువని కారణం చెప్పింది. ఆ పతకాలన్నీ గెలిచింది మగవాళ్లు! వాళ్లను ఉంచి, ఒక్కసారి కూడా బరిలోకి దిగనివ్వని స్త్రీలకు తలుపు మూశారు. ఒలింపిక్స్ లేకపోతే ప్రభుత్వాలు డబ్బివ్వవు, డబ్బు లేకపోతే కొత్త దేశాల అమ్మాయిలు రారు, వాళ్లు రాకపోతే మళ్లీ అదే సాకు.

చూసేవారు లేరన్న మాట పత్రికలకూ తగులుతుంది. ఈ శీతాకాలం మహిళల నోర్డిక్ కంబైన్డ్ ప్రపంచ కప్ ఫలితాలను మీ క్రీడా పేజీలో పురుషుల ఫలితాల పక్కనే వేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశాఖపట్నం