రచయిత పేరూ వేయండి

సంపాదకులకు,

1986లో దేవరకొండలో మా వాడ మొత్తానికి ఒక్కటే టీవీ. అన్న మిద్దె మీద ఏంటెనా తిప్పుతుంటే, కింద నుంచి "వచ్చింది, ఆగు" అని అరిచేవాళ్లం. 'బునియాద్' హిందీ సీరియల్ అట్లా చూశాం. లాహోర్ వదిలొచ్చిన కుటుంబం కథ. హిందీ సగమే తెలిసిన మా అమ్మ అందులోని లాజో కోసం కొంగుతో కళ్లొత్తుకునేది. అది రాసింది మనోహర్ శ్యామ్ జోషి. 1984లో మన దేశంలో సీరియళ్లకు దారి వేసిన 'హమ్‌లోగ్' కూడా ఆయనదే. జర్నలిస్టు, నవలాకారుడు. 2006లో పోయారు. ఆ వార్త చదివాకే నాకు పేరు తెలిసింది, సిగ్గేసింది. ఇప్పటి తెలుగు సీరియళ్లలోనూ రచయిత పేరు రెప్ప వేసేలోపు మాయం. కనీసం మీ టీవీ పేజీలో ప్రోగ్రాం టైం పక్కన వేయండి.

– ఒక పాఠకురాలు, దేవరకొండ, నల్లగొండ జిల్లా