పడవ నడిపేవారి నడుము గురించీ ఆలోచించాలి

సంపాదకులకు నమస్కారం.

గండికోట, మైలవరం వంటి జలాశయాల్లో చేపల వేట సాగించేవారు చిన్న పడవకు ఇంజను బిగించుకునేటప్పుడు దాని శక్తిని, ధరను చూసినంతగా, దాన్ని పట్టుకుని గంటల తరబడి కూర్చునే మనిషి సౌకర్యాన్ని చూడడం లేదన్నదే నా బాధ.

పడవను మళ్లించే ఇంజను పిడి పొట్టిది కావడంతో నడిపేవారు వెనుక అంచున, నడుము మెలితిప్పి, ఒక చేయి వెనక్కి చాచి కూర్చోవలసి వస్తుంది. మనిషి, ఇంజను, పెట్రోలు ట్యాంకు బరువంతా అక్కడే పడేసరికి పడవ ముక్కు పైకి లేచి, ఎదుట ఉన్న వలల బెండ్లు, నీట మునిగిన చెట్ల మోళ్లు కంటికి ఆనవు. పిడికి గట్టి పొడిగింపు గొట్టం బిగించి, మనిషి కాస్త ముందుకు జరిగి, ట్యాంకును, మంచుపెట్టెను ముందు భాగానికి మార్చితే పడవ సమంగా నిలుస్తుంది. గొట్టం ఏమాత్రం వదులుగా ఉండరాదు, పిడి రెండు వైపులా పూర్తిగా తిరగాలి. పడవ ఒకే పక్కకు మళ్లుతూ చేతిని నొప్పి పెడుతుంటే, ప్రొపెల్లర్ పైన చిన్న రెక్క ఉన్న ఇంజన్లలో దాని వెనుక అంచును మళ్లుతున్న వైపుకే కొద్దిగా తిప్పి బిగిస్తే ఆ లాగుడు తగ్గుతుంది.

పిడికి దూరంగా కూర్చున్నప్పుడు లాగితే ఇంజను ఆగిపోయేలా దాని స్విచ్చికి తగిలించే తాడు మణికట్టుకు తప్పక ఉండాలి. మనిషి నీటిలో పడితే తిరుగుతున్న ప్రొపెల్లర్‌ను ఆపేది అదే. మత్స్యశాఖ అధికారులు ఈ అమరికలను జలాశయాల ఒడ్డునే మత్స్యకారులకు చేసి చూపించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జమ్మలమడుగు, కడప జిల్లా.